అమెరికా మేయరూ, మా గంగారాం కాకా

పోయిన వారం ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తగానే "సీనుగా, నేన్రా. దుబాయ్‌ల దిగిన" అంది ఒక గొంతు. ఆ గొంతు వినగానే కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. "కాకా, ఇది ఖతర్" అన్నాను. "ఈడ్నే ఇన్నేండ్లు గంటె తిప్పినోన్ని, నాకు తెల్వదారా! ఊల్లె అందరికి దుబాయ్ పోతున్న అని చెప్పి చెప్పి నోటికి అదే అస్తంది" అన్నాడు గంగారాం కాక. ఒకప్పుడు కంపెనీ పనివాళ్ల క్యాంప్‌లో మా మెస్సుకు పెద్ద ఆయన. కొడుకు ఇక్కడే ఇంజనీరు. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెలకిస్తే అందులో ఒక ముక్కలో కాపురం ఉంటున్నాడు. అతను పిలిపిస్తే విజిట్ వీసా మీద వచ్చాడు కాక. "శుక్రారం రా, తిందువు" అని పెట్టేశాడు. ఆ మాట కూడా వెనకటి మాటే. కాక ఎవరినైనా పిలిస్తే తినడానికే పిలుస్తాడు, ఏమన్నా చెప్పేదుంటే తిన్న తర్వాతే చెబుతాడు.

ముందే ఒక సంగతి మనవి చేసుకోవాలి. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తగా పరిచయమైన వాళ్లందరికీ చెప్పి పెడుతుంది. ఏ సగం తీసేయాలో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. ఇక్కడ ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మా బిల్డింగ్ కింద టీ కొట్టు దగ్గర నేను నోరు తెరిస్తే జనం టీ చల్లారబెట్టుకుని మరీ వింటారు. ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. ఒక అమెరికా మేయర్ వల్ల వచ్చింది. ఆయన్ని నేను చూడలేదు. నేను పుట్టేనాటికే ఆయన పోయాడు. అయినా నా మొదటి ఉద్యోగపు రోజులు తలచుకుంటే నా కళ్ల ముందు నిలబడేది ఆయనా, చేతిలో గంటెతో, అంటే వడ్డించే గరిటెతో, గంగారాం కాకా. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడతారు, ఎవరి టోపీ ఎవరి నెత్తిన ఉందో నాకు ఇప్పటికీ తేలదు.

అప్పుడు నేను కంపెనీలో డ్రైవర్ని. మీసం సరిగా రాలేదు గానీ లైసెన్స్ వచ్చింది. నా డ్యూటీ వాల్టర్ సాబ్ అనే ముసలి అమెరికన్‌ని పొద్దున్నే మదీనత్ ఖలీఫాలో ఆయన విల్లా దగ్గర ఎక్కించుకుని దుఖాన్ ఆయిల్ బావుల దగ్గర దింపడం, సాయంత్రం మళ్లీ తీసుకురావడం. రోడ్డు బాణంలా పడమటికి పోయేది. పొద్దున పోయేటప్పుడూ సూర్యుడు మా వీపు మీదే, సాయంత్రం వచ్చేటప్పుడూ వీపు మీదే. కారంతా ఆయన పైపు పొగాకు వాసన, నా తలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన. నాకు వచ్చిన ఇంగ్లీషు యెస్ సార్, నో సార్, పెట్రోల్ సార్. అది ఆయనకు అభ్యంతరం కాలేదు. పైగా బాగా నచ్చింది. అడ్డుపడకుండా వినే మనిషి ఆయనకు బహుశా అప్పటిదాకా దొరకలేదు.

ఆయన తండ్రి కూడా డ్రైవరేనట. అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఒక మహానగరంలో ఒక మేయర్‌గారి కారు నడిపేవాడట. "డ్రైవర్ కొడుకు డ్రైవర్‌కి చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకుంటాడు" అని ఆయన అన్నట్టే నాకు అర్థమైంది. ఆ మేయర్ చిన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఐసుగడ్డలు వేసేవాడట. ఏ ఇంట్లో ఏ కష్టముందో ఐసు వేసేవాడికి తెలిసినట్టు పూజారికి కూడా తెలియదు. చలికాలంలో పొయ్యిలోకి బొగ్గు లేని ఇంటి ముందు తెల్లారేసరికి బొగ్గు బస్తా ఉండేదట. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. ఎన్నికలప్పుడు ఆ బస్తా మోసినవాడే వచ్చి అరుగు మీద కూర్చుని బాగున్నారా అని పలకరించేవాడు, అంతే. అలా వార్డు గెలిచాడు, తర్వాత ఊరు గెలిచాడు. వంతెనలు కట్టాడు, ఆస్పత్రి కట్టాడు, సిమెంటు మాత్రం బామ్మర్ది దగ్గరే కొన్నాడు. ఊళ్లో మందు నిషేధం, ప్రతి సందులోనూ మందు. పోలీసులు ఆయన వాళ్లు, దొంగలూ ఆయన వాళ్లే.

వాల్టర్ సాబ్‌తో చిక్కేమిటంటే పొద్దున దుఖాన్‌కు పోయేటప్పుడు ఆ మేయర్ని ఆకాశానికెత్తేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు అదే మనిషిని పాతాళానికి తొక్కేవాడు. పొద్దున "మా నాన్న జబ్బుపడితే ఆయనే సొంత డాక్టర్ని పంపాడు" అనేవాడు. సాయంత్రం "ఆ ఆస్పత్రి గోడలు రెండేళ్లకే బీటలిచ్చాయి, ఒక నర్సు మీద పెచ్చు ఊడిపడింది" అనేవాడు. రెండూ నిజమేనా అని అడగడానికి నాకు ఇంగ్లీషు చాలేది కాదు. ఇప్పుడు చాలుతుంది, ఆయన లేడు.

ఈ కథే రాత్రి భోజనాల దగ్గర మా మెస్సులో నేను తెలుగులో చెప్పేవాణ్ణి. అర్థమైన చోట అర్థమైనట్టు, కానిచోట నాకు తోచినట్టు. మెస్సంటే ఈ తరం వాళ్లకు చెప్పాలి. నాలుగు గదుల వాళ్లం కలిసి ఒకే పొయ్యి పెట్టుకునేవాళ్లం, వంట వంతుల వారీగా, సామాను తెచ్చేదీ వడ్డించేదీ మాత్రం మెస్ పెద్ద. గంటె ఆయన చేతిలో ఉంటుంది. గంగారాం కాకది సిరిసిల్ల పక్క ఊరు. వండింది ఎవరైనా సరే, కాక వచ్చి బొట్టు పులుసు అరచేతిలో వేసుకుని నాకి, కళ్లు మూసుకుని "ఉప్పు" అనో "ఊ" అనో అనేదాకా ఎవరూ పళ్లెం ముట్టేవాళ్లు కాదు. శుక్రవారం మటన్. వేయించిన ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి, ఇంటి నుంచి వచ్చిన కారం వాసన కలిసి క్యాంప్ గేటు దాకా పోయేది. ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినవాడి పళ్లెంలో ఆ రోజు మూలుగ నిండిన ఎముక, మా మాటలో మూలుగ బొక్క, పడేది. కాక ఏమీ అనేవాడు కాదు. బొక్క పడగానే అందరికీ అర్థమయ్యేది, వాడితో ఆ పూట ఎవరూ పరాచికాలాడేవాళ్లు కాదు.

"మేయర్ అంటే ఏందిరా, సర్పంచా?" అని మొదటి రోజే అడిగాడు కాక.

"సర్పంచ్‌కు పెదనాయిన, కాకా."

"మరి కలెక్టరు?"

"కలెక్టరు గాయన ముంగట చేతులు కట్టుకుని నిలవడ్తడు."

"అబ్బో! మా మండలంల ఒక్కడుంటే బాగుండు."

అక్కడి నుంచి నాకు పట్టపగ్గాల్లేవు. మేయర్ బామ్మర్ది అమ్మిన బోల్టుల బరువుకు వంతెన జానెడు కుంగిందని చెప్పాను. ఓడిపోయేలా ఉంటే ఓట్ల పెట్టెలను పడవలో వేసి సరస్సులో ముంచేవారని వాల్టర్ సాబ్ చెప్పింది నిజమే, ఆ సరస్సులో చేపలు కూడా ఆయనకే ఓటేశాయన్నది నాది. టైమ్ కీపర్ మూర్తిగారు మాత్రం ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకునేవారు. ఆయనది భీమవరం వైపు, ఆఫీసు గదిలో హాజరు చూసుకునేవారు, భోజనం మా దగ్గరే. "ఏవండీ శీనుగారూ, చేపలకి ఓటు హక్కు ఎవరిచ్చారండీ?" అనేవారు. "మేయరే ఇచ్చిండు సార్" అంటే గది గదంతా నవ్వేది.

నవ్వులోంచి ఒక రోజు చెడ్డ ప్రశ్న లేచింది. బామ్మర్ది సిమెంటు కథ చెబుతుంటే, రాడ్ కట్టే మల్లేశ్ చేయి ఆపి కాక వైపు చూశాడు. మల్లేశ్‌కు ఉన్న మాట అనకుండా ఉండటం రాదు. "కాకా, మనం మటన్ ఎప్పటికి గదే దుకాన్ల ఎందుకు తెస్తం?" అన్నాడు. ఆ కసాయి కొట్టువాడు ప్రతి శుక్రవారం కాకకు మేకకాళ్లు ఊరికే ఇస్తాడని అందరికీ తెలుసు. ఆ కాళ్లు మా గిన్నెలోకి రావని కూడా తెలుసు. అవి పాయా అయి, మూత గిన్నెలో క్యాంప్ బాస్ ఖాన్ సాబ్ గదికి పోయేవి. లాహోర్ మనిషి, పాయా అంటే ప్రాణం. మా ఏసీ చెడితే సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చేవాడు. మా వాళ్లెవరికైనా ఇంటి దగ్గర కష్టమొస్తే సెలవు కాగితం తడి ఆరకముందే సంతకమయ్యేది. అదంతా కాక మంచితనం వల్లే జరుగుతోందని మేం అనుకునేవాళ్లం. పాయా వల్ల అని తెలిసీ అనుకునేవాళ్లం.

"ఎందుకంటే గక్కడ మంచిగుంటది" అన్నాడు కాక.

"మంచిగనే ఉంటది. మన ఏసీ ముందుగాల బాగైతదంటే పక్క రూమోల్లది ఎన్కకు పోయినట్టే గద. కిరణ్ నిన్న సైట్ మీద కండ్లు తిరిగి పడ్డడు. నాలుగు రోజుల సంది నిద్ర లేదు ఆనికి. ఆ రూం పొయ్యి లెక్క కాలుతంది."

కిరణ్ మా మెస్సులో లేని పక్క గది నేపాలీ కుర్రాడు, మల్లేశ్‌తో కలిసి ఇనుము కట్టేవాడు. ఆ రోజు ఆస్పత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించి తెచ్చారు. కాక గంటె గిన్నెలో పెట్టి, "నేనేమన్న నా ఇంటికి మోసుకపోయిన్నారా?" అన్నాడు. కాలేయం ముక్క ఒకటి ఎప్పుడూ ఆయన పళ్లెంలోనే పడుతుందన్న సంగతి ఎవరో మెల్లగా అన్నారు. అన్నది ఎవరో తెలియలేదు, నవ్వు మాత్రం వినబడింది. కాక మొహం ఎర్రబడింది. "నా గంటె గుంజుకునుడే మీ కోరికైతే అడుగున్రి. అమెరికల ఓట్లేసుకున్నరట గద, మీరూ ఏసుకోన్రి. దొంగనని తేలితే దించున్రి" అన్నాడు. అన్నేళ్లు మమ్మల్ని పోగుచేసిన మనిషి దొంగో కాదో ఓట్లేసి తేల్చుకోవాల్సిన స్థితి వచ్చిపడింది.

రహస్యంగా జరగాలన్నారు మూర్తిగారు. కాగితం మీద రాస్తే చేతిరాత తెలిసిపోతుంది, కొందరికి రాతే రాదు. కాబట్టి వంటగది తలుపు వెనక ఒక గోనెసంచి వేలాడదీశారు. కాక ఉండాలనుకున్నవాడు ఉల్లిగడ్డ వేయాలి, దిగాలనుకున్నవాడు ఆలుగడ్డ. షిఫ్టులు వేరు కాబట్టి గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా వేసుకోవచ్చు. ఒక్కొక్కడే లోపలికి పోయి, తలుపు వేసుకుని, గంభీరంగా బయటికి వచ్చేవాడు. కాక కూడా పోయి వేసి వచ్చాడు. తనకు తాను ఏం వేసుకున్నాడో దేవుడికే తెలియాలి. నేనూ పోయాను. చేతిలో ఒకసారి ఉల్లిగడ్డ పట్టుకున్నాను, ఒకసారి ఆలుగడ్డ పట్టుకున్నాను. బయట ఎవరో దగ్గితే చేతికి ఏది దొరికితే అది వేసి వచ్చేశాను. ఏది వేశానో ఇప్పటికీ చెప్పలేను. నవ్వకండి, చెమట చేతులకు రెండూ ఒకలాగే తగులుతాయి.

మేమంతా ఆలోచించాం గానీ పోశెట్టి సంగతి ఒక్కడూ ఆలోచించలేదు. పోశెట్టి వారం రోజులుగా వేరే సైట్‌కు పోయి ఆ శుక్రవారం పొద్దున్నే తిరిగి వచ్చాడు. ఎన్నికల సంగతి వాడికి చెప్పినవాడు లేడు. ఆ రోజు వంట వంతు వాడిది. ఓట్ల గొడవలో మటన్ తెచ్చే నాథుడు లేక, ఏం వండాలా అని చూస్తే తలుపు వెనక సంచీలో ఉల్లిగడ్డలూ ఆలుగడ్డలూ కలిపి సిద్ధంగా ఉన్నాయి. ఎంత మంచి మనుషులో, నా కోసం ఏరి పెట్టారు అనుకున్నాడట. మధ్యాహ్నం మూర్తిగారు లెక్కింపుకు కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె కుతకుత ఉడుకుతోంది, కొత్తిమీర వేసిన వాసన.

"ఓరి పోశెట్టీ, సంచి ఏదిరా?" అని అరిచాడు మల్లేశ్.

"గదే కూర. ఎందుకట్ల చూస్తున్నరు, ఉప్పు ఎక్కువైందా?"

మూర్తిగారు పట్టు వదల్లేదు. "ముక్కలు లెక్కపెడదామండీ, ఒక్కో ఆలుగడ్డని ఎన్ని ముక్కలు కోశావయ్యా?"

"చిన్నయి నాలుగు, పెద్దయి ఆరు. కొన్ని అట్లనే చిదిమిన సార్, చిక్కగుంటదని."

"మరి ఉల్లిపాయలు?"

"అవేడున్నయి సార్, కరిగిపోయె. సాలకపోతే బుట్టల్నించి ఇంక కొన్ని ఏసిన."

"ఏం వేశావు?"

పోశెట్టి తల గోక్కున్నాడు. "యాదికి లేదు."

మల్లేశ్ గిన్నెలోకి చూసి, కాక మొహంలోకి చూసి, "ఆడ చెరువుల ముంచిన్రు, ఈడ గిన్నెల ముంచిన్రు" అన్నాడు. కాక పోశెట్టితో ముందే మాట్లాడుకున్నాడా? పోశెట్టి మొహం చూస్తే అంత తెలివి ఉన్న మనిషిలా కనిపించడు. కానీ అలా కనిపించడానికి కూడా తెలివి కావాలి కదా. ఆకలి మీదున్న మనుషులం. కాసేపు నిలబడ్డాం, తర్వాత కూర్చున్నాం. తిలాపాపం తలాపిడికెడు అన్నట్టు ఓట్లన్నీ రొట్టెల్లోకి నంజుకుని తినేశాం. కూర బాగుంది. అది ఇంకా బాధ.

తిన్నాక కాక గంటె కడిగి మల్లేశ్ ముందు పెట్టాడు. "నువ్వు చెయ్. దొంగతనం లేకుంట చెయ్" అన్నాడు. మల్లేశ్ వెనకడుగు వేయలేదు. ఖాన్ సాబ్ దగ్గరికి ఖాళీ చేతులతో పోయి, ముందు పక్క గది ఏసీ చూడమని అడిగాడు. "బుక్రా, ఇన్‌షా అల్లా" అన్నాడు ఖాన్ సాబ్, దేవుడు తలిస్తే రేపు అని. మర్నాడు పోతే మళ్లీ అదే మాట. రెండు రోజులు పోయాక మా ఏసీ కూడా గురగురమని ఆగిపోయింది. అప్పుడు మాకూ పక్క గది వాళ్లకూ తేడా లేకుండా పోయింది. న్యాయమంటే ఇదే అయితే చాలా ఉక్కగా ఉంది అనుకుని గడప బయట తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాను. మల్లేశ్ మాత్రం ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. కిరణ్ పక్కనే చాప వేసుకున్నాడు.

మా ఏసీ ఆగిన మూడో రోజు పొద్దున వంటగదిలోంచి పాయా వాసన వచ్చింది. కాక మూత గిన్నె పట్టుకుని ఖాన్ సాబ్ గదికి పోయాడు. నేను కారు తుడుస్తూ ఆ గది కిటికీ దగ్గర ఉన్నాను, మాట వినబడింది. "ఖాన్ సాబ్, పెహ్లే బాజూవాలా కమ్రా. హమారా బాద్ మే." సాయంత్రానికి పక్క గది ఏసీ నడిచింది. మాది మర్నాడు నడిచింది. మల్లేశ్ గంటె తీసుకొచ్చి కాక చేతిలో పెట్టాడు. కాక చేసింది పశ్చాత్తాపమా, లేక పాయా లేనిదే న్యాయం కూడా కదలదని మాకు చూపించడమా? ఆ తర్వాత వారాల్లో పాయా ఆగలేదు. కాలేయం ముక్క కాక పళ్లెంలో పడటమూ ఆగలేదు. కాకపోతే ఒక్కో వారం అది కిరణ్‌కు పోయేది.

ఈ కథంతా వాల్టర్ సాబ్‌కు దుఖాన్ రోడ్డు మీద నా విరిగిన ఇంగ్లీషులో చెప్పాను. గోనెసంచి దగ్గర పైపు ఊడిపడేలా నవ్వాడు. పాయా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ఆ రోజు పోయేటప్పుడు మేయర్ని పొగడలేదు, వచ్చేటప్పుడు తిట్టలేదు. కొన్నాళ్లకు కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయాడు. మేయర్ చివరికి జైలుకు పోయాడా, ఓడెక్కి పారిపోయాడా, మళ్లీ గెలిచాడా, మూడూ ఆయన నోటే విన్నాను. ఏది ఆఖరుదో తెలియదు.

ఇప్పుడు క్యాంపుల్లో పొయ్యిలు తక్కువ. కేటరింగ్ డబ్బాలు వస్తాయి, అందరికీ ఒకే కూర, ఒకే ఉప్పు. మా బిల్డింగ్‌లో ఏసీ చెడితే ఫోన్‌లో కంప్లైంట్ పెట్టాలి, దానికో నంబరు వస్తుంది, వరుస ప్రకారం మనిషి వస్తాడు. నువ్వెవరని అడగడు. పోయిన వేసవిలో నాలుగు రోజులు ఆ వరుసలో మగ్గుతూ, ఇది ఎంత ధర్మమైన పద్ధతి అని మా ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను. ఉపన్యాసం మధ్యలోనే వాచ్‌మన్‌కు పాయా ఇష్టమేమో కనుక్కోమన్నాను. ఆమె నన్ను చూసిన చూపు రాయలేను. నా మనసులో ఏముందో నాకే తెలిస్తే ఆమెకు చెప్పి ఉండేవాణ్ణి.

శుక్రవారం పోయాను. కాక చిక్కిపోయాడు, భుజం మీద తువ్వాలు మాత్రం అదే తీరు. కోడలు వండింది. అలవాటు పోక అరచేయి చాపాడు. కొడుకు "నాయినా, స్పూన్ ఉన్నది" అన్నాడు. కాక చేయి వెనక్కి తీసుకున్నాడు. తిన్నాక ఇద్దరం బయట గోడ నీడలో కుర్చీలేసుకున్నాం. ఊరికి పోయాక సర్పంచ్‌గా నిలబడ్డానని, ఓడిపోయానని చెప్పాడు. "ఎవల పని చెయ్యలే చెప్పు? పింఛన్లు ఇప్పిచ్చిన, దావఖానకు కొంటవోయిన. ఓట్ల కాడ మల్ల దొంగ అన్నరు."

"సీనుగా. ఆ మేయర్ సచ్చిపోయినప్పుడు జనం అచ్చిన్రా?"

నాకు తెలియదు. వాల్టర్ సాబ్ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. కానీ నా నోరు ఊరుకుంటుందా? "ఊరు ఊరంత అచ్చింది కాకా. దుకాన్లు బంద్. ఆడోల్లు పిల్లల్ని సంకనెత్తుకుని అచ్చిన్రు. రైళ్లు ఆపిన్రు" అన్నాను. కాక తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన మొహంలో సంతోషం కనబడలేదు.

"గది గాదురా. బొగ్గు ముట్టినోల్లు ఎట్లైనా అస్తరు. బొగ్గు ముట్టనోల్లు? పక్క రూమోల్లసొంటోల్లు?"

పాతికేళ్లుగా కథలు చెబుతున్నవాణ్ణి, రెండు రకాలుగానూ మనసులో కట్టి చూశాను. వచ్చారంటే నమ్మడు. రాలేదంటే ఆయన ముసలి కళ్లలోకి నేను చూడలేను.

"అచ్చిన్రు కాకా" అన్నాను చివరికి. "కాకపోతే ముంగటికి రాలే. ఎన్క నిలవడ్డరు. గక్కడ సచ్చినోల్లకు టోపీ తీసి మొక్కుతరు, వీల్లు టోపీలు తియ్యలే."

"టోపీలు తియ్యలేదా?"

"తియ్యలే."

కాక తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "ఆ" అన్నాడు. "గట్లయితే నిజమే అయి ఉంటది."